కరుణక్క తోడు డబ్బా

సోల్డరింగ్ ఐరన్ బాగా వేడెక్కాక తీగ కొసను తాకిస్తే సన్నగా పొగ లేస్తుంది. ఆ పొగకి కాలిన చెక్క, కొంచెం గుగ్గిలం కలిసిన వాసన ఉంటుంది. ముప్పై ఏళ్లలో ఎక్కువ భాగం ఆ వాసనలోనే బతికాను కాబట్టి అది మామూలుగా నా ముక్కుకు తెలియదు. మొన్న మంగళవారం మాత్రం ఘాటుగా తెలిసింది. నాంపల్లిలోని నా చిన్న రిపేరు దుకాణానికి ప్రిస్కిల్లా అనే అమ్మాయి దుప్పట్లో చుట్టిన కీబోర్డు ఒకటి తెచ్చి బెంచి మీద పెట్టింది. ఇక్కడికి దగ్గరలో ఉన్న చిన్న చర్చిలో క్వాయర్‌లో పాడుతుందట. "మంచిగనే మోగుతది ఆంటీ. కానీ బంద్ చేసి మల్ల ఆన్ చేస్తే దీనికి ఏం యాదికుండదు. సండే స్కూలు పిల్లల కోసం అన్నీ సెట్ చేసి పెట్టుకుంటం, మల్ల వారానికి అన్నీ పోతున్నయ్," అంది. దుప్పటి తీయగానే గుర్తుపట్టాను. ఎడమ చివరి తెల్లమెట్టు అంచు విరిగి ఉంది. "లోపల సెల్లు అయిపోయిందమ్మా, మార్చాలి. గురువారం రా," అన్నాను. నిజానికి అది అరగంట పని. అయినా రెండు రోజుల పాటు దాని స్క్రూ ఒక్కటి కూడా తిప్పలేకపోయాను. ఆ కీబోర్డు అడుగు కవరు లోపలి వైపు నా చేత్తో రాసిన అబద్ధం ఒకటి ఉంది. దాని సంగతి చెప్పాలంటే ముందు కరుణక్క సంగతి చెప్పాలి.

తొంభై ఆరులో నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పట్టుకుని ఉద్యోగానికి తిరుగుతున్నాను. మాది గుడివాడ వైపు నుంచి వచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. ఆబిడ్స్ పెద్ద రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక సందులో, బట్టల దుకాణం పైన, మెట్లెక్కితే ఒక సర్వీసు సెంటరు ఉండేది. ఓనరు నా సర్టిఫికెట్లు చూసి, "కౌంటర్లో అయితే కూర్చోబెడతానమ్మా. బెంచి మీద ఆడపిల్ల ఏం చేస్తుంది?" అన్నాడు. అప్పటికే ఆయన వెనక బెంచి మీద ఒక ఆడమనిషి కూర్చుని రేడియో విప్పుతోంది. ఆమెను చూపించాను. "ఆమె సంగతి వేరు," అన్నాడు. ఆ మాటకు ఆమె తల ఎత్తకుండానే, "నా పక్కన కూసోవెట్టున్రి సార్. ఆ పిల్ల తప్పు జేస్తే నన్నడుగున్రి," అంది. ముక్కూ మొహం తెలియని నా కోసం ఆమె అన్న మొదటి మాట అది. అన్న మాటకు ఆమె ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో అప్పుడు ఇద్దరికీ తెలియదు.

కరుణక్కకు అప్పుడు యాభై దాటాయి. సొంతూరు మెదక్. పదిహేనేళ్లు ఏదో రేడియోల ఫ్యాక్టరీలో సోల్డరింగ్ చేసి, అది మూతపడ్డాక ఈ బెంచి దగ్గరికి వచ్చింది. భర్త నాంపల్లి స్టేషన్‌లో పార్శిల్ ఆఫీసులో పనిచేసేవాడు, రైల్వే క్వార్టర్లలో ఇల్లు. ఎప్పుడూ నేత చీర, ముడిలో గుచ్చిన పెన్సిల్ ముక్క. నేను అందరినీ 'అండీ' అని పిలవడం ఆమెకు మహా సరదా. మధ్యాహ్నం డబ్బా విప్పి, "సుజాతగారండీ, జర మామిడికాయ తొక్కు ఏసుకుంటరా అండీ?" అని నా గొంతులో అడిగి, తనే పడీపడీ నవ్వేది. నాకు ఉక్రోషం వచ్చేది గానీ తొక్కు మాత్రం వేసుకునేదాన్ని. అంత కారంగా, అంత రుచిగా మా ఇంట్లో ఎప్పుడూ కుదరలేదు.

ఆమె దగ్గర నా మొదటి పాఠం ఒక గడ్డం గీసుకునే మిషను. చార్జి నిలవడం లేదని ఎవరో తెచ్చి ఇచ్చారు. సెల్లు మార్చడమే కదా అని దాన్ని అటూ ఇటూ తిప్పాను. సెల్లు వేసే మూత ఎక్కడా కనబడలేదు. "దీనికి తలుపేది అక్కా?" అని అడిగాను. "తలుపు వెట్టలే. మనం తెరుస్తమని ఆల్లకు భయం," అంది. గోటితో అంచు వెతికి, పాత కత్తి అంచుతో మెల్లగా విప్పి చూపించింది. సెల్లు లోపల సర్క్యూట్ ప్లేటుకే సోల్డరింగ్ చేసి ఉంది. "సెల్లు రెండేండ్లల్ల సస్తది. మిషిన్ ఇరవయ్యేండ్లు బతుకుతది. సచ్చేదాన్ని బతికేదాంతోని అతికిచ్చిండు. గిదేం తెలివి బిడ్డా?" అంది. ఆ తర్వాత వచ్చిన వస్తువులన్నీ ఒకదాన్ని మించి ఒకటి మూసుకుపోతూనే వచ్చాయి.

ఆ రోజుల్లో అందరి జేబుల్లోనూ ఎలక్ట్రానిక్ డైరీలు ఉండేవి. ఫోను నంబర్లన్నీ వాటిలోనే. సెల్లు తీయగానే అన్నీ చెరిగిపోయేవి. అందుకని కరుణక్క ఒక పాత సబ్బు పెట్టెలో రెండు సెల్లు పెట్టి, వాటికి ఎర్రదీ నల్లదీ రెండు సన్నని తీగలు కట్టింది. పాత సెల్లు తీసే ముందు ఆ తీగలను దాని పక్కన అంటించేది. పాతది పోయి కొత్తది వచ్చే దాకా ఆ డబ్బా వస్తువుకు ప్రాణం పోస్తూ ఉంటుంది. దానికి ఆమె పెట్టిన పేరు తోడు. "ఒక్క చిటికె సేపు గూడ దాన్ని ఒంటిగ ఇడువొద్దు. యాది పోతది," అనేది. దానికంటే ముందు ఇంకో నియమం. తోడును తగిలించే ముందు దాన్నే మీటరుతో కొలవాలి. "తోడుకే పానం లేకపోతే అదేం తోడు?" రోజుకు ఒక్కసారైనా ఆ మాట నా చెవిన పడేది. అయిదో నెల వచ్చేసరికి నాకు విసుగు కూడా పుట్టింది.

ఇంకొక అలవాటు ఉండేది ఆమెకు. ఏ వస్తువు విప్పినా, మూసే ముందు కవరు లోపలి వైపు పెన్సిల్‌తో ఒక వరుస రాసేది. ఏ సంవత్సరం సెల్లు మార్చిందీ, మళ్లీ ఎప్పుడు చూడాలో, చివర పని చేసినవాళ్ల పేరులో మొదటి అక్షరం. ఆమె రాస్తే 'క', నేను రాస్తే 'సు'. అంతటితో ఆగితే బాగానే ఉండేది. తప్పులు కూడా రాసేది. 'ఈ స్క్రూ నేనే ఇరగ్గొట్టిన - క' అని ఒక టేప్ రికార్డర్‌లో రాస్తుంటే నాకు నవ్వాగలేదు. "ఎవరు చదువుతారక్కా ఇదంతా?" అన్నాను. "మనెనుక ఇప్పేటోల్లు సదువుతరు. ఆల్లకు మనం అబద్ధం జెప్తే ఆల్లు ఇంకోటి ఖరాబ్ జేస్తరు." పెన్సిల్ ముడిలో దోపుకుంటూ అంది, "ఎవ్వరు సదువకపోయినా, రాసిన్నని నాకు ఎరుక గదా."

దేవదానం మాస్టారు ఈ కీబోర్డును ఇదే దుప్పటి లాంటి దుప్పట్లో చుట్టుకుని మా మెట్లెక్కి వచ్చింది తొంభై ఏడులో. కోస్తాలో ఒక క్రైస్తవ మిషన్ ఊరి నుంచి వచ్చి, బడిపంతులుగా రిటైరై, నాంపల్లి చర్చిలో నలభై ఏళ్లుగా పాటలు నేర్పుతున్న మనిషి. కరుణక్క ఆయన క్వాయర్‌లోనే పాడేది. ఆ ముందటేడు ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అంతకు ముందు తాను కట్టిన ఐదు బాణీలను ఆయన ఆ కీబోర్డు జ్ఞాపకంలో ఎక్కించి పెట్టుకున్నారు. స్వరాలు రాయడం ఆయనకు రాదు. లోపలి సెల్లు అయిపోవస్తున్నట్టు దాని మీద గుర్తు వెలుగుతోంది. "నాలుగు వీళ్లందరికీ వచ్చు అమ్మాయ్. కోత పండక్కి ఒకటి, పిల్లలకొకటి, అట్లాగ. ఐదోది మాత్రం ఎవరికీ వినిపించలేదు. నా పెట్టె గోతిలోకి దించేటప్పుడు మోగాల్సింది అది," అని పిల్లాడిలా నవ్వారు. "ఏం మాటలు మాస్టరుగారూ గవి!" అని కరుణక్క కసురుకుంది. తర్వాత, "సెల్లు మార్చే ముందు క్యాసెట్లకన్న ఎక్కిచ్చుకుందాం సార్, నా మాటినున్రి," అని బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. "నేను పోకముందే మీరంతా వినేస్తారు. అదేం మర్యాద? నీ చేతుల మీద నాకు నమ్మకం ఉందిలే కరుణా," అన్నారు.

అంతకు ముందు రోజు సాయంత్రం నేను చేసిన పని ఒకటి చెప్పాలి. నాకొక వాక్‌మన్ ఉండేది. ఆబిడ్స్ నుంచి హిమాయత్‌నగర్ దాకా బస్సులో నిలబడి పాటలు వినడం ఆ రోజుల్లో నాకున్న ఒకే ఒక్క విలాసం. సెల్లు అయిపోయి పాట ఈడ్చుకుంటూ వస్తోంది. అప్పట్లో అందరూ చేసినట్టే వాటిని రెండు రోజులు ఎండలో పెట్టాను, పళ్లతో కొరికి సొట్టలు పెట్టాను, ఇంకో నాలుగు పాటలు పిండుకున్నాను. ఇక రాలేదు. కరుణక్క అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది. సబ్బు పెట్టె తెరిచి, తోడులో ఉన్న రెండు కొత్త ఎర్ర సెల్లు తీసి నా వాక్‌మన్‌లో వేసుకున్నాను. నా కొరికిన నీలం సెల్లు అందులో పెట్టాను. రేపు పొద్దున కొత్తవి కొని పెట్టేద్దాంలే, ఒక్క రాత్రికి ఏం పోయింది అనుకున్నాను. పాటలు వింటూ ఇంటికి పోయాను. పొద్దున్న బస్సు ఆలస్యమైంది, ఆ హడావుడిలో సంగతి మర్చిపోయాను.

ఆ పని నన్నే చేయమంది కరుణక్క. "నా కండ్లు మసకైనయ్. నీ చెయ్యి వణకది. నువ్వే చెయ్," అని తాను పక్కనే ఇంకో రేడియో ముందేసుకుని కూర్చుంది. స్క్రూలు విప్పాను. గుండ్రటి సెల్లు సర్క్యూట్ ప్లేటుకు రెండు చోట్ల సోల్డరింగ్ చేసి ఉంది. తోడు తీగలు అంటించాను. "తోడు వెట్టినవా?" అని అడిగింది. "పెట్టానక్కా." "కొలిసినవా?" మీటరు నా మోచేతి దగ్గరే ఉంది. చెయ్యి చాచి రెండు ముళ్లూ ఆనిస్తే సరిపోయేది. రోజూ అడిగే ప్రశ్నే కదా అని, "కొలిచానక్కా," అన్నాను. పాత సెల్లు తీశాను. కొత్తది చాలా శుభ్రంగా అతికించాను కూడా. నాకు నేనే మెచ్చుకున్నాను. ఆన్ చేసి మొదటి పాట నొక్కితే టిక్, టిక్ అని తాళం మాత్రమే వచ్చింది. రెండోది నొక్కాను. అదే టిక్, టిక్. ఐదింటికీ అంతే. కరుణక్క లేచి వచ్చి సబ్బు పెట్టె మూత తీసింది. నీలం సెల్లు. వాటి మీద నా పళ్ల గుర్తులు. వాటిని చూసింది, నన్ను చూసింది, మూత పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం మాస్టారు వచ్చారు. ఓనరు కూడా అక్కడే ఉన్నాడు. నేను నోరు తెరిచే లోపే కరుణక్క, "నా చేతుల్ల పోయినయ్ సార్. తోడు కొలువలే," అంది. ఓనరు అందరి ముందూ ఆమెను అనరాని మాటలన్నాడు. ఇరవై ఏళ్ల అనుభవం ఇదేనా అన్నాడు. మాస్టారు మాత్రం కుర్చీలో కూర్చుని, ఎడమచేత్తో కీబోర్డు అంచు నిమిరారు. ఆ చివరి మెట్టు విరిగిన చోట వేలు ఆగింది. "పోనీలే కరుణా," అన్నారు చివరికి. కాసిని మంచినీళ్లు అడిగారు. నేనే తెచ్చి ఇచ్చాను. ఆ గ్లాసు ఇస్తున్నప్పుడైనా చెప్పి ఉండవలసింది. నా ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అంతే. ఇన్నేళ్ల తర్వాత దానికి వేరే పేరేదీ పెట్టదలచుకోలేదు.

మాస్టారు కీబోర్డు తీసుకుపోయే ముందు, "రాసి మూయ్ బిడ్డా," అని కరుణక్క మొహం కడుక్కోవడానికి వెళ్లింది. పెన్సిల్ నా చేతిలో పెట్టి వెళ్లింది. ఏం రాయాలో నాకు తెలుసు, ఆమె తన తప్పులు ఎట్లా రాసేదో చూశాను. కానీ రేపెప్పుడైనా ఓనరు విప్పి చూస్తేనో? అందరికీ ఒక మాట చెప్పాక లోపల ఇంకోలా ఉంటే ఎలా? '1997. సెల్లు మార్చినది. తోడు కొలవక పాటలు పోయినవి - క' అని రాశాను. ఆమె రాసే 'క' గుండ్రంగా ఉంటుంది. నాది తలకట్టు పక్కకు ఒరిగి ఉంటుంది. గబగబా స్క్రూలు బిగించేశాను. కరుణక్క వచ్చి, "రాసినవా?" అంది. "రాశానక్కా," అన్నాను. ఒకే రోజు, ఒకే మనిషికి, రెండోసారి.

మర్నాడు ఏమీ జరగనట్టే తొక్కు డబ్బా విప్పింది. 'అండీ' అని ఆట పట్టించడం మాత్రం ఎందుకో మానేసింది. శనివారం నాడు, "రేపు మాస్టరుగారింటికి పోతున్న. ఆయన రాగం తీస్తే నేను మెట్లు ఎతికి వాయిస్త. బటన్లు నొక్కనీకి ఇంకో మనిషి గావాలె. వస్తవా?" అని అడిగింది. మా పిన్ని కూతురి పెళ్లిచూపులున్నాయన్నాను. పై వారం జ్వరం అన్నాను. ఆ పై వారం ఆమె అడగలేదు. నేను లేకుండానే ఆరేడు ఆదివారాలు కూర్చుని, క్వాయర్ వాళ్లకు తెలిసిన నాలుగు బాణీలూ మళ్లీ ఎక్కించారు. ఐదోది రాలేదు. "ఉందమ్మా, ఇక్కడి దాకా వస్తోంది," అని మాస్టారు గొంతు మీద వేలు పెట్టి చూపించేవారట. మొదటి చరణం దాటగానే అది వేరే పాటలోకి జారిపోయేదట. ఈ సంగతులన్నీ కరుణక్క పని చేసుకుంటూ, ఎవరితోనో చెబుతున్నట్టు చెప్పేది. నేను తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని వినేదాన్ని.

రెండేళ్లకు మాస్టారు పోయారు. నారాయణగూడ సమాధుల దగ్గరికి నేనూ వెళ్లాను, జనం వెనకాల నిలబడ్డాను. పెట్టె దించుతుంటే క్వాయర్ వాళ్లు అందరికీ తెలిసిన పాటే పాడారు. బాగానే పాడారు. నా పక్కన నిలబడ్డ ఒకావిడ ఇంకొకావిడతో, "మాస్టరు తనకోసమని వేరే పాట కట్టుకున్నడట. అగో, ఎనుక వరసల ఉన్నదే, ఆమెనే పోగొట్టింది," అంది. వెనక వరసలో కరుణక్క పుస్తకం చూడకుండా పాడుతోంది. రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఆ మాటల మధ్యనే ఆమె నిలబడి పాడుతోందని నాకు అప్పుడు తెలిసింది. "ఆమె కాదు, నేను," అంటే చాలు. మూడు మాటలు. నేను ఇంకో అడుగు వెనక్కి జరిగాను. గేటు బయట నన్ను చూసి దగ్గరికి వచ్చింది. నేను ఏదో అనబోతుంటే, "మొకం గట్ల వాడిపోయిందేంది? పొద్దుగాల ఏమన్న తిన్నవా?" అంది.

రెండువేల మూడులో ఆ సర్వీసు సెంటరు వదిలేసి, ఆబిడ్స్‌లోనే ఒక పెద్ద కంపెనీ కౌంటరులో చేరాను. చల్లటి గది, గాజు తలుపులు, మెడలో పేరు బిళ్ల. అగ్గిపెట్టెంత ఎంపీత్రీ పాటల పెట్టెలు వచ్చేవి. వాటికి మూత లేదు సరికదా స్క్రూ కూడా లేదు. సెల్లు జిగురుతో అతికించి మూసేసి ఉండేవి. ఏడాదిన్నరకో రెండేళ్లకో చార్జి నిలవడం మానేస్తే మనుషులు వాటిని పట్టుకుని నా ముందుకు వచ్చేవారు. మాకు నేర్పిన మాట ఒకటే. "సారీ అండీ, ఇందులో బ్యాటరీ మార్చడం కుదరదు. దీన్ని తిరిగిచ్చేస్తే కొత్తదాని మీద తగ్గింపు ఇస్తాం." కుదరదన్నది అబద్ధమని నాకు తెలుసు. అంచు ఎక్కడ దొరుకుతుందో నా గోటికి తెలుసు. అయినా ఆ మాట నవ్వుతూ చెప్పడంలో నేను అందరికంటే బాగా ఆరితేరాను.

ఒకరోజు క్యూలో కరుణక్క నిలబడి ఉంది. జుట్టు తెల్లబడింది, ముడిలో పెన్సిల్ అలాగే ఉంది. తన వంతు వచ్చాక చేతిగుడ్డ విప్పి అలాంటి పాటల పెట్టె ఒకటి బయటికి తీసింది. "మా క్వార్టర్లల్ల ఒక ముసలమ్మ ఉన్నది. కండ్లు లేవు. దీంట్ల బైబిలు వాక్యం ఇనుకుంట కూసుంటది. మాట మధ్యలనే ఆగిపోతున్నది. నువ్వు ఇప్పకు, నేనే ఇప్పుకుంట. గీ సైజు సెల్లు ఒక్కటి ఇప్పియ్యి చాలు," అంది. మా మేనేజరు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. నేను నవ్వుతూ, "సారీ అండీ, ఇందులో బ్యాటరీ మార్చడం..." అని మొదలుపెట్టి చివరి దాకా చెప్పాను. కరుణక్కతో. ఆమె అడ్డు రాకుండా మొత్తం విన్నది. "గింత మంచిగ మాట్లాడుడు ఎప్పుడు నేర్చుకున్నవ్ బిడ్డా?" అంది. కోపంగా అనలేదు. వస్తువును మళ్లీ గుడ్డలో చుట్టుకుంది. పోబోతూ ఆగి, "మాస్టరుగారి కీబోర్డు సెల్లు ఇంక రెండేండ్లల్ల అయిపోతది. ఈసారి నువ్వొచ్చి తెరువు. నువ్వే తెరువాలె," అంది. "వస్తానక్కా," అన్నాను. "తప్పకుండ?" అని నా మొహంలోకి చూసింది. "తప్పకుండా," అన్నాను. ఒక్క సెల్లు కోసం నన్నే ఎందుకు పిలుస్తోందా అని ఆశ్చర్యపోయాను గానీ, వెనకాల నిలబడ్డ మనిషి అప్పటికే తన వస్తువు నా ముందు పెట్టేశాడు.

వెళ్లలేదు. పెద్ద కారణమేమీ లేదు. పని, ఇల్లు, రేపు చూద్దాంలే. రెండువేల తొమ్మిదిలో సుల్తాన్ బజార్‌లో పాత ఓనరు కనిపించి, "కరుణ పోయింది, తెలుసా? మూడు నెలలైంది," అన్నాడు. చేతిలో ఉన్న సంచీ పట్టుకుని అక్కడే ఒక దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయాను. ఆ తర్వాత ఏడాదికి కంపెనీ ఉద్యోగం మానేసి నాంపల్లిలో ఈ గది కిరాయికి తీసుకున్నాను. మూత లేని వస్తువులు విప్పి సెల్లు మార్చడమే నా పని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని మా ఆయన అంటాడు. నిజమే మరి. నా బెంచి మీద కూడా ఒక సబ్బు పెట్టె ఉంది. అది ఆమెది కాదు. వాళ్లింటికి వెళ్లి ఆమెది అడిగే మొహం నాకు లేకపోయింది.

గురువారం పొద్దున్న షట్టరు సగం తీసి, కీబోర్డు బోర్లించి స్క్రూలు విప్పాను. కవరు తిప్పి వెలుగులో పెట్టాను. నా రాత అట్లాగే ఉంది, ఒరిగిన తలకట్టుతో సహా. దాని మీద ఎవరూ గీత పెట్టలేదు. పెన్సిల్ రాతే కదా, తడి వేలితో రుద్దితే పోయేది. దాని కింద, గుండ్రటి అక్షరాలతో ఇంకో వరుస ఉంది. '2002. సెల్లు మార్చిన. తోడు కొలిసిన. పాటలు నాలుగు ఉన్నయి - క. మల్ల 2008 - సు.' ఆ కింద ఖాళీ.

అంటే రెండువేల రెండులోనే ఆమె ఇది విప్పింది. నా అబద్ధం చదివింది. తన పేరు మీద వేసుకున్న నింద చర్చిలో భరించింది సరే, కనీసం లోపలైనా నిజం ఉంటుందనుకున్న చోట కూడా తన అక్షరమే కనిపిస్తే ఆమెకు ఎలా ఉండి ఉంటుంది? ఆ తర్వాత కూడా క్యూలో నిలబడి నన్ను బిడ్డా అని పిలిచింది. తాను దిద్దలేదు. నేనే వచ్చి దిద్దుకుంటానని ఆరేళ్ల తర్వాతి పని నా పేరున రాసి పెట్టింది. ఆ ఏడు నేను రాలేదు కాబట్టి ఎవరూ రాలేదు. లోపలి సెల్లు చచ్చిపోయింది. ఆమె ఆదివారాలన్నీ కూర్చుని మళ్లీ ఎక్కించిన నాలుగు పాటలూ దానితోనే పోయాయి. బెంచి మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఐరన్ అలా వేడెక్కుతూనే ఉంది.

తర్వాత పని చేశాను. కాపాడడానికి అందులో ఇప్పుడు ఏమీ మిగల్లేదు. అయినా తోడు పెట్టాను. పెట్టే ముందు కొలిచాను, రెండుసార్లు. నేను బస్సులో పాటలు విని ఇరవై ఎనిమిదేళ్లు దాటింది. ఎవరైనా నా చెవిలో పాటల తీగ పెట్టబోయినా నా చెయ్యి అడ్డం వెళుతుంది. ఏ మనిషైనా "చూశారా?" అని అడిగితే, చూసిందాన్నే అయినా, ఇంకోసారి చూసి గానీ జవాబు చెప్పలేను. కరుణక్క దగ్గర్నుంచి నాకు మిగిలినవి ఇవే. ఆమె నేర్పిన పనికంటే, ఆమె నన్ను అనకుండా వదిలేసిన మాటలే ఎక్కువ బరువు.

కవరు మూయకుండానే ప్రిస్కిల్లా కోసం ఎదురు చూశాను. ఆమెకు చెప్పాలని, ఆమె ద్వారా చర్చిలో అందరికీ తెలియాలని. సాయంత్రం వచ్చింది. "మాస్టారి పాట పోగొట్టింది కరుణక్క కాదమ్మా, నేను. మీ చర్చిలో చెప్పు," అన్నాను. ఆ పిల్ల తెల్లబోయి చూసింది. "ఏ పాట ఆంటీ?" అంది. చెప్పాను. "దేవదానం మాస్టరా... ఫోటో ఉన్నదనుకుంట, పాస్టరుగారి వెస్ట్రీ గదిల. కరుణక్క అంటే నాకు తెల్వది. మా మమ్మీని అడుగుత," అంది మర్యాదగా. ఆ కోత పండగ బాణీ ఇప్పటికీ పాడుతారా అని అడిగితే, రెండు చరణాలు సన్నగా పాడి వినిపించింది. "గిది ఎవరు కట్టిన్రో ఎవరికీ తెల్వది. ముందటి నుంచి పాడుతున్నం," అంది. ఇన్నేళ్లు నేను భయపడిన మనుషులెవరూ అక్కడ లేరు. నిందా లేదు, పాటా లేదు, ఆమె పేరూ లేదు.

"ఇప్పుడైతే దీనికి యాదికుంటదా ఆంటీ?" అని అడిగింది. ఉంటుందన్నాను. ఆమె చూస్తుండగానే పెన్సిల్ తీసుకుని, కరుణక్క వరుస కింద ఖాళీలో రాశాను. 'పైన 1997లో రాసినది అబద్ధం. తోడులోని సెల్లు తీసి పాటలు పోగొట్టినది సు. 2008లో రానిది కూడా సు.' దాని కింద ఈ సంవత్సరం వేసి, సెల్లు మార్చినట్టు, తోడు కొలిచినట్టు రాశాను. "మల్ల ఎప్పుడు మార్చాలె?" అని అడిగింది ప్రిస్కిల్లా. లెక్కపెట్టి ఆరేళ్ల తర్వాతి సంవత్సరం వేశాను. దాని పక్కన 'సు' అని రాసి, కవరు మూశాను.